కైఫియత్తు లేని నగరం

స్థానిక చరిత్రకు మన సాహిత్య విమర్శ చాలాకాలంగా రెండో పంక్తిలోనే పీట వేస్తూ వచ్చింది. రాజవంశాల చరిత్రను పండితులు రాస్తారని, ఊరి చరిత్రను ఊళ్ళో తీరిక ఉన్న పెద్దమనిషి రాసుకుంటాడని ఒక అభిప్రాయం ఇంకా మన మధ్య ఉంది. ఊరి చరిత్ర రాయడం ఎంత కష్టమైన పనో, అందుకు ఎన్ని తీర్ల ఆధారాలు కావాలో, ఆ ఆధారాలు చెదిరిపోతే నష్టపోయేది ఎవరో తెలియాలంటే ఢిల్లీకి దక్షిణంగా, మథుర రోడ్డు మీద ఉన్న ఫరీదాబాద్‌ను చూడాలి. దేశ రాజధానికి ఇంత చేరువలో, జాతీయ అభిలేఖాగారానికి ఒక పూట ప్రయాణంలో ఉన్న ఈ నగరానికి ఇప్పటికీ తన సమగ్ర చరిత్ర లేదు. ఉన్నది ఒక మంచి పుస్తకం, కొన్ని పటాలు, వయసు మళ్ళిన కొందరి జ్ఞాపకాలు. ఈ మూడింటినీ కలిపి చదవవలసిన అవసరం గురించి ఈ వ్యాసం.

ఆ మంచి పుస్తకం ఎల్.సి. జైన్ రాసిన 'ది సిటీ ఆఫ్ హోప్: ది ఫరీదాబాద్ స్టోరీ'. 1998లో వెలువడింది. 1947లో దేశ విభజన తరువాత వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి, అందులోనూ బన్నూ, డేరా ఇస్మాయిల్ ఖాన్, కోహాట్, పెషావర్ వంటి ప్రాంతాల నుంచి వచ్చిన కాందిశీకుల కోసం ఫరీదాబాద్‌లో నిర్మించిన పట్టణం ఆ పుస్తక వస్తువు. 1949లో ఫరీదాబాద్ అభివృద్ధి బోర్డు ఏర్పడింది. దానికి బాబూ రాజేంద్ర ప్రసాద్ అధ్యక్షులు. సుధీర్ ఘోష్ ముఖ్య పాలనాధికారి. కమలాదేవీ చట్టోపాధ్యాయ నెలకొల్పిన ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ సహకార సంఘాల నిర్మాణం చేపట్టింది. ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ఆ బోర్డు సమావేశాలకు తరచు స్వయంగా వచ్చి కూర్చునేవారు. ప్రభుత్వం కట్టించి ఇచ్చే ఇళ్ళ కోసం చేతులు కట్టుకుని ఎదురుచూడకుండా, కాందిశీకులే ఇటుకలు మోసి, గోడలు లేపి, తమ ఇళ్ళు తామే కట్టుకున్నారు. అయిదు వేలకు పైగా ఇళ్ళు అలా లేచాయి. యుద్ధ నష్టపరిహారం కింద జర్మనీ నుంచి వచ్చిన డీజిల్ విద్యుత్ యంత్రాలను అక్కడ నిలబెట్టారు. పిల్లలకు నయీ తాలీమ్ పద్ధతిలో బడులు తెరిచారు.

జైన్ ఈ కథకు బయటివాడు కాడు. యువకుడిగా ఆ పనిలో స్వయంగా పాల్గొన్నాడు. పుస్తకానికి బలమూ అదే, పరిమితీ అదే. పాలనాయంత్రానికీ ప్రజల చొరవకూ మధ్య నడిచిన పెనుగులాటను ఆయన చెప్పినంత సూటిగా మరొకరు చెప్పలేరు. పనులు గుత్తేదార్లకు ఇవ్వాలనే ఇంజనీరింగ్ శాఖ పట్టుదల, కాందిశీకుల చేతనే చేయించాలనే బోర్డు పట్టుదల ఎదురెదురుగా నిలిచిన ఘట్టాలు ప్రతి అధికారీ చదవదగినవి. బోర్డు స్వతంత్రత తగ్గి, పట్టణం శాఖాపరమైన పాలన కిందికి వచ్చాక సహకార సంఘాలు ఎలా కుంగిపోయాయో చెప్పేటప్పుడు రచయిత గొంతులో నింద కంటే విషాదం ఎక్కువ. సుధీర్ ఘోష్ 1967లో ప్రచురించిన తన జ్ఞాపకాలలోనూ ఈ పట్టణం ప్రస్తావన ఉంది. ఒకే సంఘటనల మీద ఇద్దరు భాగస్వాముల సాక్ష్యం దొరకడం స్థానిక చరిత్రలో అరుదైన అదృష్టం.

అయితే ఈ పుస్తకాన్ని ఫరీదాబాద్ చరిత్ర అనవచ్చునా? అనకూడదనే నా అభిప్రాయం. పుస్తకం దృష్టి ప్రధానంగా బోర్డు మీద, సహకారోద్యమం మీద, ఆ ప్రయోగం నేర్పిన పాఠాల మీద నిలిచింది. పట్టణం లేవకముందు ఆ నేల మీద ఏముండేది, ఆ పొలాలు ఎవరివి, ఏ వాగు ఎటు పారేది, ఏ దారి ఏ ఊరికి పోయేది అన్న ప్రశ్నలు దాని పరిధిలోనివి కావు. ఆ పుస్తకంలో ఫరీదాబాద్ కథ 1949లో మొదలవుతుంది. ఊరి కథ మాత్రం అంతకు చాలా ముందు మొదలయింది. జహంగీర్ కోశాధికారి షేక్ ఫరీద్ 1607లో ఈ ఊరిని నెలకొల్పాడని జిల్లా గెజిటీర్లు చెబుతాయి. ఆగ్రా బాటను సూచించే మొగలాయి కాలపు కోసు మినార్లు ఆ పరిసరాల్లో ఇంకా నిలిచి ఉన్నాయి. కొద్ది దూరంలోని బల్లభ్‌గఢ్ రాజు నాహర్ సింగ్‌ను 1857 తిరుగుబాటులో పాల్గొన్నందుకు 1858 జనవరి 9న చాందనీ చౌక్‌లో ఉరితీశారు. ఇంత గతమున్న నేలను ఖాళీ స్థలంగా భావించడం పుస్తకం చేసిన తప్పు కాదు. ఆ తప్పు చేసేది ఆ ఒక్క పుస్తకంతో తృప్తిపడే పాఠకులమైన మనం.

ఇక్కడే తెలుగు పాఠకుడికి మన కైఫియత్తులు గుర్తుకు రావాలి. స్కాట్లండు దీవుల నుంచి వచ్చి, 1815లో భారతదేశపు సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ వృత్తిరీత్యా పటాలు గీసేవాడు. ఆయన గొప్పతనం, కొలతగొలుసు పట్టుకున్న చేతితోనే ఊరి మాట కూడా రాయించడంలో ఉంది. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు లేకపోతే ఆ పని జరిగేది కాదు. 1803లో బొర్రయ్య చనిపోయాక లక్ష్మయ్య ఆ భారాన్ని మోశాడు. వారి మనుషులు ఊరూరా తిరిగి, కరణాల దగ్గరి దండకవిలెలు చూసి, శాసనాలకు నకళ్ళు తీసి, పెద్దలను అడిగి రాసుకున్న వివరాలే కైఫియత్తులు. 1821లో మెకంజీ మరణించిన తరువాత ఆ సేకరణ లండన్, కలకత్తా, మద్రాసు నగరాల మధ్య చీలిపోయింది. 1828లో హెచ్.హెచ్. విల్సన్ దానికి పట్టిక ప్రచురించాడు. మద్రాసులో శిథిలమవుతున్న కాగితాలకు సి.పి. బ్రౌన్ నకళ్ళు రాయించాడు. ఆ నకళ్ళు లేకపోతే ఎన్నో ఊళ్ళ గతం చెదలపాలయ్యేది. మన కాలంలో కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. రెండు శతాబ్దాల పాటు ఒక కాగితం బతకడానికి ఎన్ని చేతులు కావాలో ఈ వరుసే చెబుతుంది.

కైఫియత్తును అతిగా పొగడనక్కరలేదు. అందులో పురాణమూ చరిత్రా కలిసిపోయి ఉంటాయి. జనమేజయుడి దానం పక్కనే విజయనగర రాయల దానం కనబడుతుంది. మాట్లాడేది సాధారణంగా కరణం గొంతు, అర్చకుడి గొంతు. మాలపల్లె గొంతు, స్త్రీల గొంతు వినిపించడం అరుదు. ఇనాము నిలబెట్టుకోవడానికి చెప్పిన కథను నిజమని నమ్మితే మోసపోతాం. అయినా పొలిమేర రాళ్ళు, చెరువు తూములు, పాడుపడిన పల్లెల పేర్లు, ఎవరు ఎప్పుడు వలస వచ్చారన్న వాడుక, ఇవన్నీ ఒకచోట దొరికేది అందులోనే. పటం ఊరి ఆకారం చూపుతుంది, కైఫియత్తు ఆ ఆకారానికి పేర్లు పెడుతుంది. రెండోది లేని పటం మూగది. మొదటిది లేని కైఫియత్తుకు నేల ఆనదు. మెకంజీ సేకరణలో ఈ రెండూ ఒకే యంత్రాంగం నుంచి పుట్టాయి.

ఫరీదాబాద్ కొత్త పట్టణానికి మొదటిది దక్కింది, రెండోది దక్కలేదు. బోర్డు కాలంలో పట్టణానికి నిపుణులు ప్రణాళిక గీశారు. ఇళ్ళ వరుసలు, బజారు, బడి, ఆసుపత్రి, కార్ఖానాల జాగా అన్నీ అందులో ఉన్నాయి. వాడలకు పేర్లకు బదులు అంకెలు పెట్టారు. న్యూ ఇండస్ట్రియల్ టౌన్‌షిప్ అన్న మాటను ఎన్.ఐ.టి.గా కుదించి, నేటికీ జనం ఒకటో నెంబరు, రెండో నెంబరు అనే చిరునామా చెప్పుకుంటారు. ఇల్లు కట్టిన మనిషి ఏ కొండ కింది ఊరు విడిచి వచ్చాడో, ఎవరి పక్క ఇంట్లో ఉండాలని కోరుకున్నాడో, బన్నూవాసుల మాండలికం ఏ వాడలో ఎంతకాలం నిలిచిందో ఆ పటం చెప్పదు.

అంతకు పూర్వపు పటాల మాట ఏమిటి? పంజాబు పద్ధతిలో ప్రతి గ్రామానికీ మూడు ముఖ్యమైన కాగితాలు ఉంటాయి. భూమి హక్కులు చెప్పే జమాబందీ, ఊరి కట్టుబాట్లు రాసిన వాజిబ్-ఉల్-అర్జ్, పొలాల పటమైన శజరా. మూలపటాన్ని ముసావీ అంటారు. దాని నుంచి గుడ్డ మీదికి దించి పట్వారీ చేతికిచ్చే ప్రతిని లట్ఠా అంటారు. మన తెలంగాణలో గ్రామ నక్షా, టిప్పన్, సేత్వార్ ఏ పని చేసేవో, కోస్తా రాయలసీమల్లో ఎఫ్.ఎం.బి., అడంగల్ ఏ పని చేసేవో, ఇవీ అక్కడ ఆ పనే చేసేవి. వీటిలో వాజిబ్-ఉల్-అర్జ్ మన కైఫియత్తుకు దగ్గరి చుట్టం. ఊరుమ్మడి బీడు ఎవరిది, బావినీరు ఎవరు తోడుకోవచ్చు, పశువులు ఎటు మేయాలి అనే సంగతులు అందులో ఉంటాయి. వాటిని పన్ను కోసమే రాయించారన్నది నిజం. పన్ను కోసం రాసినదానిలోనూ బతుకు కనబడుతుందన్నది అంతే నిజం.

ఈ కాగితాలు వెతకబోయే పరిశోధకుడికి మొదట ఎదురయ్యేది చిరునామాల చిక్కు. బల్లభ్‌గఢ్ తహసీలు ఒకప్పుడు ఢిల్లీ జిల్లాలో ఉండేది. 1872-80 నడుమ జరిగిన ఢిల్లీ జిల్లా బందోబస్తుకు ఆస్వాల్డ్ వుడ్, ఆర్. మెకోనకీ రాసిన నివేదికలో ఆ గ్రామాల వివరం ఉంటుంది. 1912లో ఢిల్లీ ప్రత్యేక పాలిత ప్రాంతం కాగానే తహసీలులో అధిక భాగం గుర్‌గావ్ జిల్లాకు పోయింది. అప్పటి పంజాబు రాజధాని లాహోరు. 1947లో లాహోరు పొరుగుదేశంలో ఉండిపోయింది. 1966లో హర్యానా ఏర్పడింది. 1979 ఆగస్టు 15న ఫరీదాబాద్ జిల్లా అయింది. ఊరు కదలలేదు, ఊరి కాగితాలే ఢిల్లీ, గుర్‌గావ్, లాహోరు, చండీగఢ్ చుట్టూ తిరిగాయి. దీనికి తోడు ఫరీదాబాద్ అభివృద్ధి బోర్డు కేంద్ర ప్రభుత్వ సృష్టి కనుక, ఆ పత్రాలను వెతకవలసింది కేంద్ర శాఖల దస్త్రాలలో.

తెలుగువారికి ఇది పరాయి అనుభవం కాదు. నెల్లూరు జిల్లా పాత దస్త్రాలకు ఎగ్మూరు, నల్లగొండ దస్త్రాలకు తార్నాక, కైఫియత్తులకు మద్రాసు, మెకంజీ పటాలకు లండన్ వెళ్ళవలసి వచ్చిన పరిశోధకులు మనలో ఎందరో ఉన్నారు. 1953, 1956, 2014 సంవత్సరాలలో రాష్ట్రాల హద్దులు మారినప్పుడల్లా దస్త్రాల పంపకం కూడా జరగవలసి వచ్చింది. హద్దులు మార్చే చట్టం ఆస్తుల గురించి, అప్పుల గురించి విపులంగా మాట్లాడుతుంది. దస్త్రాల వంతు వచ్చేసరికి దాని గొంతు తగ్గుతుంది.

పాత పటం ఊరికే ముచ్చటకు దాచుకునే వస్తువు అనుకునేవారికి ఫరీదాబాద్ మరో పాఠం చెబుతుంది. పట్టణానికి పడమట ఆరావళి గుట్టలున్నాయి. ఆ గుట్టల నీటిని ఆపి 1947లో కట్టిన బడ్‌ఖల్ చెరువు ఒక తరం పాటు విహారస్థలంగా పేరుపొంది, ఈ శతాబ్ది తొలి సంవత్సరాలకు ఎండిపోయింది. రాతి గనుల తవ్వకం నీటి దారులను దెబ్బతీసిందని పర్యావరణవేత్తలు చెబుతూ వచ్చారు. ఢిల్లీ సరిహద్దుకు అయిదు కిలోమీటర్ల లోపు తవ్వకాలను సుప్రీంకోర్టు 2002లో నిలిపివేసింది. 1900 నాటి పంజాబు భూసంరక్షణ చట్టం కింద ప్రత్యేక ఉత్తర్వులు ఇచ్చిన భూములు అడవులేనని 2022లో తీర్పు చెప్పింది. ఇటువంటి వివాదాలలో ఏ సర్వే నెంబరు ఏ ఉత్తర్వు కిందికి వస్తుంది, రెవెన్యూ కాగితాలలో అది సాగుభూమా, 'గైర్ ముమ్‌కిన్ పహాడ్' అనే కొండ పోరంబోకా అన్న ప్రశ్నలే నిర్ణాయకాలు. గుడ్డపటం మీది ఒక గీత ఇంత బరువు మోస్తుంది.

అదే గీత మరోవైపు కూడా కోస్తుంది. ఆ గుట్టల్లోని ఖోరీ గావ్ అనే నివాసాన్ని అటవీ భూమి ఆక్రమణగా నిర్ణయించి, సుప్రీంకోర్టు 2021 జూన్‌లో ఖాళీ చేయించమని ఆదేశించింది. సుమారు పదివేల ఇళ్ళని ఆనాటి వార్తలు రాశాయి. అక్కడివారిలో పాత రాతి గనుల కూలీల కుటుంబాలు కూడా ఉన్నాయి. న్యాయస్థానం చట్టం ప్రకారం చూసిన విషయాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. చరిత్ర విద్యార్థిగా చెప్పదలచినది ఒక్కటే. 1949లో వచ్చిన కాందిశీకుడికి బోర్డు ఉంది, పటం ఉంది, చివరికి ఒక పుస్తకం కూడా దక్కింది. గనికూలీకి పటం మీద చోటు లేదు, కైఫియత్తూ లేదు. అభిలేఖాగారం అన్నది ఎప్పుడూ ప్రభుత్వం ఎవరిని లెక్కపెట్టిందో వారి జ్ఞాపకమే. లెక్కకు రానివారి జ్ఞాపకాన్ని ఇంకొకరు పూనుకుని రాయాలి. కైఫియత్తులలో మాలపల్లె గొంతు లేకపోవడానికీ, ఫరీదాబాద్ గాథలో గనికూలీ లేకపోవడానికీ కారణం ఒకటే.

మరో నష్టం మరింత నిశ్శబ్దంగా జరిగింది. 1948 చట్టం కింద పంజాబులో కమతాల ఏకీకరణ చేపట్టి, చిన్న చిన్న చేలను కలిపి చతురస్రాలుగా విడగొట్టారు. వ్యవసాయానికి మేలు జరిగింది. దానితో 'చింతచెట్టు చేను', 'గుడి మడి' వంటి మన పొలాల పేర్లకు సాటి వచ్చే అక్కడి పేర్లు పోయి అంకెలు వచ్చాయి. ఏకీకరణకు ముందటి శజరా చిరిగిపోతే ఆ పేర్లను తిరిగి తెచ్చుకునే దారి లేదు. మన వైపు శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్ళకూ ఇదే గతి. గుళ్ళలో కొన్నింటిని రాయి రాయి ఊడదీసి అలంపురం వంటి చోట్లకు తరలించి నిలబెట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలా బతికింది. పొలాల పేర్లను ఎవరూ తరలించలేదు.

పటాన్ని బాగా వాడుకుంటే ఎంత మేలో హైదరాబాదు చూపింది. 1908 మూసీ వరద తరువాత, 1912-15 నడుమ లెనార్డ్ మన్ పర్యవేక్షణలో నగరాన్ని ఇల్లిల్లూ కొలిచి గీసిన పటాలు నేటికీ పాత కట్టడాల, నీటివనరుల జాడ చెప్పే ప్రమాణంగా ఉన్నాయి. వాటిని చేతబట్టుకుని సందుల్లో తిరిగి, ముసలివారిని అడిగి తెలుసుకున్నవారికే అవి పూర్తిగా మాట్లాడాయి.

ఈ విమర్శ నుంచి ఆచరణకు వచ్చే సూచనలు కొద్దివే. మొదటిది, ఏకీకరణకు ముందటి ముసావీలను, శజరాలను ఛాయాచిత్రాలు తీసి, మూలప్రతులను మడతపెట్టకుండా భద్రపరచాలి. భూమి తగాదాల కోసం కొత్త పటాలను కంప్యూటర్లలోకి ఎక్కించడంలో చూపుతున్న శ్రద్ధలో కొంత, విలువ తీరిందనుకునే పాత పటాలకూ దక్కాలి. కొత్త డ్రోను పటం నేటి హక్కును చెబుతుంది. నిన్నటి వాగును చెప్పేది పాతదే. రెండవది, అభివృద్ధి బోర్డు దస్త్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకేచోట తెలిపే పట్టిక రావాలి. 1993 నాటి ప్రజాభిలేఖల చట్టం కేంద్ర దస్త్రాలకు వర్తిస్తుంది కనుక ఇందుకు చట్టబలమూ ఉంది. విల్సన్ 1828లో చేసిన పనిని మనం చేయలేమా? మూడవది అన్నిటికంటే తొందరది. 1949లో పదేళ్ళ పిల్లవాడిగా తండ్రికి ఇటుకలు అందించినవాడికి ఇప్పుడు ఎనభై అయిదేళ్ళు దాటాయి. 2017లో అమృత్‌సర్‌లో ప్రారంభమైన విభజన మ్యూజియం వంటి సంస్థలు మౌఖిక చరిత్రకు గౌరవం తెచ్చాయి. ఫరీదాబాద్ బడిపిల్లల చేత, వాడవాడకూ ఒక కైఫియత్తు చొప్పున, పాత కాపుల ఊళ్ళతో, కార్మికవాడలతో సహా రాయించడానికి పెద్ద నిధులు అక్కరలేదు.

కాందిశీకులు కట్టుకున్న పట్టణంలో 1951లో ఒక ఆసుపత్రి తెరిచారు. సరిహద్దు గాంధీ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ మీది అభిమానంతో దానికి బాద్‌షా ఖాన్ పేరు పెట్టుకున్నారు. 2020 చివర ఆ ఆసుపత్రికి మరో దేశనాయకుడి పేరు పెట్టాలని నిర్ణయం జరిగింది. ఏ పేరు ఉండాలన్నది ప్రజల, ప్రభుత్వాల నిర్ణయం. మొదటి పేరు ఎందుకు పెట్టారో చెప్పే కాగితం మాత్రం ఎక్కడో ఒకచోట, అడిగినవాడికి దొరికేలా ఉండాలి. ఆ కాగితం లేనినాడు, సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు తమ వెంట ఒక్క పేరును ఎంత జాగ్రత్తగా మోసుకొచ్చారో వారి మునిమనుమలకు కూడా తెలియకుండా పోతుంది.